ట్యాలీప్రైమ్‌లో దారి తప్పకుండా తిరగడం: నెల్లూరు, ఒంగోలు కొట్లలో లెక్కలు రాసేవారికి

"ఏందబ్బయ్యా, నిన్న పొద్దుగూకే దాకా కొట్టిన బిల్లులు ఒక్కటీ కనపడటంలా?"

ఓనరు ఈ మాట అన్నాడంటే బిల్లులు పోయాయని కంగారు పడక్కర్లేదు. ఆయన ట్యాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో డే బుక్, అంటే రోజువారీ ఎంట్రీల పట్టిక తెరిచి ఉంటాడు. డే బుక్ తెరవగానే ఒక్క రోజు లెక్కే చూపిస్తుంది, అదీ సాధారణంగా చివరి ఎంట్రీ పడిన తేదీది. ఆ స్క్రీన్ మీదే ఆల్ట్+ఎఫ్2 నొక్కి ఒకటో తేదీ నుంచి ఇవాళ్టి దాకా ఇస్తే నిన్నటివి, మొన్నటివి అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

ట్యాలీలో తిరగడం అంటే మెనూలు బట్టీ పట్టడం అనుకుంటారు చాలామంది. మెనూ గుర్తు లేకపోతే వెతుక్కోవచ్చు, దానికి ఒక్క కీ చాలు, కింద చెప్తాం. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఏ కంపెనీలో ఉన్నాం, ఏ తేదీలో ఉన్నాం, ఏ ఓచర్‌లో (బిల్లు, రసీదు లాంటివి రాసే స్క్రీన్) ఉన్నాం అన్న మూడు సంగతులు చూసుకోకుండా చెయ్యి నడిపిస్తే, తర్వాత ఎంత సరిగ్గా కొట్టినా అది తప్పు చోట పడ్డ సరైన ఎంట్రీ అవుతుంది. దాన్ని పట్టుకోవడం మామూలు తప్పును పట్టుకోవడం కంటే కష్టం.

మొదటి స్క్రీన్‌ను చదవడం

ట్యాలీప్రైమ్ తెరవగానే వచ్చేది గేట్‌వే ఆఫ్ ట్యాలీ. అందరి కళ్ళూ కుడివైపు మెనూ మీదికే పోతాయి. ముందు ఎడమవైపు చూడండి. పైన కరెంట్ పీరియడ్, దాని పక్కన కరెంట్ డేట్, కింద తెరిచి ఉన్న కంపెనీల పేర్లు, ఒక్కో పేరుకి ఎదురుగా చివరి ఎంట్రీ తేదీ ఉంటాయి.

మన దగ్గర ఒకే కుటుంబంలో మిల్లు ఒక పేరున, బియ్యం వ్యాపారం ఇంకో పేరున, లారీ మూడో పేరున నడవడం మామూలే. మూడు కంపెనీలూ ఒకేసారి తెరిచి ఉంటే, జాబితాలో పైన ముద్ద అక్షరాలతో కనిపించేదే ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ. ఎంట్రీలన్నీ దాంట్లోకే పోతాయి. మార్చుకోవాలంటే ఎఫ్3. అసలు తెరవని కంపెనీని తెరవాలంటే ఆల్ట్+ఎఫ్3. పని లేని కంపెనీని కంట్రోల్+ఎఫ్3తో మూసేయండి. మిల్లు కరెంటు బిల్లు లారీ ఖాతాలో తేలడం అనే బాధ సగం అక్కడే పోతుంది.

చివరి ఎంట్రీ తేదీ ఇంకో ఉపకారం చేస్తుంది. ఇవాళ జూన్ 10 అయితే అక్కడ జూలై 10 అని కనిపించిందంటే ఎవరో తేదీ తప్పు కొట్టారన్నమాట. డే బుక్‌లోకి పోయి ఆ తేదీ ఇచ్చి, ఆ ఓచర్ తెరిచి, ఎఫ్2తో తేదీ మార్చి సేవ్ చేయండి. నెలాఖరులో జీఎస్టీ లెక్క తేడా వచ్చాక వెతకడం కంటే ఇది రెండు నిమిషాల పని.

ఏప్రిల్ 1 రాగానే కొత్త కంపెనీ సృష్టించే అలవాటు ఇంకా చాలా కొట్లలో ఉంది. ట్యాలీకి అది అక్కర్లేదు. గేట్‌వేలో ఆల్ట్+ఎఫ్2 నొక్కి కొత్త ఆర్థిక సంవత్సరం తేదీలు ఇస్తే చాలు, పాత నిల్వలు వాటంతట అవే ముందుకొస్తాయి. కొత్త కంపెనీ పెడితే రైతుల పాత బాకీలన్నీ బిల్లుకి బిల్లు మళ్ళీ ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా ఎక్కించాలి. వంద మంది రైతులున్న మేత కొట్టులో అదెంత పనో చెప్పక్కర్లేదు.

కుడివైపు మెనూలో పైన మాస్టర్స్, తర్వాత ట్రాన్సాక్షన్స్, మధ్యలో యుటిలిటీస్ కింద బ్యాంకింగ్, ఆ తర్వాత రిపోర్ట్స్ ఉంటాయి. మాస్టర్స్‌లో పేర్లు పుట్టిస్తారు: పార్టీలు (మన దగ్గర కొనేవాళ్ళు, మనకి అమ్మేవాళ్ళు), సరుకులు, యూనిట్లు, గ్రూపులు. ట్రాన్సాక్షన్స్‌లో ఆ పేర్లతో బిల్లులు, రసీదులు రాస్తారు. రిపోర్ట్స్‌లో ఏమీ రాయరు, చూస్తారంతే. అయితే రిపోర్టులో ఒక లైను మీద ఎంటర్ కొడుతూ పోతే చివరికి అసలు ఓచరే తెరుచుకుంటుంది, దాన్ని దిద్దవచ్చు కూడా. తప్పులు దిద్దడానికి మెనూలోంచి పోవడం కంటే రిపోర్టులోంచి కిందికి దిగడమే దగ్గరి దారి.

మెనూలో ప్రతి పేరులోనూ ఒక అక్షరం వేరుగా కనిపిస్తుంది. అది నొక్కితే నేరుగా అక్కడికే. ఓచర్స్‌కి వి, బ్యాలెన్స్ షీట్‌కి బి, స్టాక్ సమరీకి ఎస్. డే బుక్‌కి మాత్రం కె, ఎందుకంటే డి ని డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్ తీసేసుకుంది. కొత్తవాళ్ళు డి కొట్టి వేరే మెనూలో తేలి, డే బుక్ లేదని చెప్పడం రోజూ జరిగేదే.

వెతుక్కునే కీ

ఎక్కడున్నా సరే ఆల్ట్+జి. పైన గో టు పెట్టె తెరుచుకుంటుంది. అందులో కావలసిన దాని పేరు నాలుగు అక్షరాలు కొడితే వస్తుంది: లెడ్జర్ (ఒక్కో పేరు మీద ఉండే ఖాతా), స్టాక్ ఐటమ్ (సరుకు), జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను), నెగటివ్ స్టాక్, ఏదైనా. అది ఏ మెనూ కింద ఏ ఉపమెనూలో దాగుందో తెలియక్కర్లేదు.

దీని అసలు అందం బిల్లు మధ్యలో తెలుస్తుంది. రైతు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు, బిల్లు సగం కొట్టారు, ఓనరు ఫోన్ చేసి ఫలానా ఆయన పాత బాకీ ఎంతని అడిగాడు. బిల్లును వదలక్కర్లేదు. ఆల్ట్+జి, లెడ్జర్ అవుట్‌స్టాండింగ్స్, పేరు, బాకీ చెప్పేయండి. ఎస్కేప్ కొడుతూ వెనక్కి వస్తే సగం బిల్లు అలాగే ఉంటుంది. కంట్రోల్+జి కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ దాని పని స్విచ్ టు, అంటే ఉన్న పని పక్కన పెట్టి వేరే పనికి మారడం. బిల్లు మధ్యలో ఉన్నప్పుడు ఆల్ట్+జి నే వాడండి.

స్క్రీన్ పైభాగంలో అడ్డంగా ఉండే పట్టీ ఎప్పుడూ మారదు. ఆల్ట్+కె కంపెనీ సంగతులు, ఆల్ట్+వై బ్యాకప్, రీస్టోర్, ఆల్ట్+ఓ ఇంపోర్ట్, ఆల్ట్+ఇ ఎక్స్‌పోర్ట్, ఆల్ట్+పి ప్రింట్. కుడివైపు నిలువుగా ఉండే పట్టీ మాత్రం ఉన్న చోటును బట్టి మారిపోతుంది. తడబాటంతా ఈ నిలువు పట్టీ దగ్గరే. ఒకే కీ రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది. పార్టీ పేరు గడిలో ఉండి ఆల్ట్+సి కొడితే కొత్త లెడ్జర్ తెరుచుకుంటుంది. డబ్బు గడిలో ఉండి అదే ఆల్ట్+సి కొడితే క్యాలిక్యులేటర్ వస్తుంది. గేట్‌వేలో ఎఫ్2 కరెంట్ డేట్‌ను మారుస్తుంది, ఓచర్‌లో ఎఫ్2 ఆ ఓచర్ తేదీని మారుస్తుంది. కాబట్టి ఎవరైనా ఫోన్‌లో "ఎఫ్2 కొట్టు" అని చెప్తే, ఎక్కడుండి కొట్టాలో కూడా అడగండి.

గడి కనిపించకపోతే

"ఆడిటర్ గారి దగ్గర ఆ గడి వస్తుంది, మన దగ్గర రాదే" అన్న మాటకి కారణాలు కొన్నే. ఈ వరసలో చూసుకుంటూ పోండి.

ముందు ఎఫ్11. ఇది ఆ ఒక్క కంపెనీకి సంబంధించిన సదుపాయాల పట్టిక. బిల్-వైజ్ ఎంట్రీ (బాకీని బిల్లు వారీగా పెట్టుకోవడం), బ్యాచ్‌లు, ఎక్స్‌పైరీ తేదీ, డిస్కౌంట్ కాలమ్, కాస్ట్ సెంటర్లు, జీఎస్టీ, టీడీఎస్, పేరోల్ అన్నీ ఇక్కడే తెరుచుకుంటాయి. మీకు కావలసింది జాబితాలోనే లేకపోతే అదే స్క్రీన్‌లో షో మోర్ ఫీచర్స్ దగ్గర ఎస్ (Yes) పెట్టండి, ఇంకొన్ని వస్తాయి. ఒక కంపెనీలో ఎఫ్11 మార్చినంత మాత్రాన రెండో కంపెనీలో మారదు, దానికి విడిగా చేయాలి.

ఎఫ్11లో ఉండి కూడా కనిపించకపోతే ఎఫ్12. ఇది మీరున్న స్క్రీన్‌ సెట్టింగ్. సేల్స్ బిల్లులో ఎఫ్12 కొడితే వచ్చేవి వేరు, లెడ్జర్ సృష్టించేటప్పుడు వచ్చేవి వేరు, రిపోర్టులో వచ్చేవి వేరు. గేట్‌వేలో ఎఫ్12 కొట్టి బిల్లు సెట్టింగ్ వెతికితే ఎంతసేపైనా దొరకదు. బిల్లు తెరిచి, బిల్లులో ఉండి కొట్టాలి.

అదీ కాకపోతే కంట్రోల్+హెచ్. ఓచర్ ఏ పద్ధతిలో ఉందో ఇది చెప్తుంది. సేల్స్ ఓచర్‌లో ఐటమ్ ఇన్వాయిస్ అని ఉంటే సరుకు, పరిమాణం, రేటు గడులు వస్తాయి. అకౌంటింగ్ ఇన్వాయిస్ అని ఉంటే సరుకు గడే రాదు, ఉత్త లెడ్జర్లే. ట్యాలీ చివరిసారి వాడిన పద్ధతిని గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి, మధ్యాహ్నం ఎవరో అద్దె బిల్లు ఒకటి అకౌంటింగ్ ఇన్వాయిస్‌లో కొట్టి లేచిపోతే, సాయంత్రం మీకు బస్తాల గడి మాయమైనట్టు ఉంటుంది.

ఈ మూడింటిలోనూ తేలకపోతే మీ యూజర్ పేరుకి అనుమతి లేదని అర్థం. అది ఓనరు లాగిన్‌తో ఆల్ట్+కె కింద యూజర్స్ అండ్ రోల్స్‌లో చూడాలి.

నేర్చుకునేవారికి ఒక మాట. లైసెన్సు లేని ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. 15వ తేదీ తీసుకోవడం లేదంటే మీ తప్పేమీ లేదు.

ఒక అరువు బిల్లు, మొదటి కీ నుంచి

ఇందుకూరుపేట రైతు ఒకరు రొయ్యల మేత 40 బస్తాలు అరువుకు పట్టుకుపోతున్నారనుకుందాం. బస్తా 25 కిలోలు, రేటు లెక్కకోసం 2,200 రూపాయలు, మొత్తం 88,000.

గేట్‌వేలో వి, తర్వాత ఎఫ్8. ఎడమ పైమూల సేల్స్ అని, పక్కన నంబరు ఉందా చూడండి. కుడి పైమూల తేదీ చూడండి. ఈ రెండు చూపులు పడకుండా పార్టీ గడిలోకి పోవద్దు. తేదీ మార్చాలంటే ఎఫ్2 కొట్టి, ఉత్త 5 అని కొడితే ఈ నెల 5వ తేదీ తీసుకుంటుంది.

పార్టీ పేరు రెండు మూడు అక్షరాలు కొట్టగానే జాబితా దిగుతుంది. ఇక్కడ మన జిల్లాల చిక్కు ఒకటుంది. వెంకటేశ్వర్లు అని కొడితే ఆరుగురు వస్తారు. లెడ్జర్ పేరు పెట్టేటప్పుడే పేరు పక్కన ఊరు చేర్చండి: వెంకటేశ్వర్లు ఇందుకూరుపేట, వెంకటేశ్వర్లు ముత్తుకూరు. కింద ఏలియాస్ గడిలో ఫోన్ నంబరు పెడితే, ఆ నంబరు కొట్టినా అదే లెడ్జర్ వస్తుంది. కౌంటర్ దగ్గర "నీ నంబర్ చెప్పన్నా" అని అడిగి అదే కొట్టేస్తే పేరు తప్పే ప్రశ్నే లేదు.

సేల్స్ లెడ్జర్ ఎంచుకుని, ఐటమ్ దగ్గర మేత రకం, పరిమాణం 40, రేటు 2,200. బండి కూలి, హమాలీ మీరే వసూలు చేస్తుంటే ఐటమ్ జాబితా అయ్యాక ఖాళీ గడిలో ఎంటర్ కొట్టి కిందికి దిగి ఆ లెడ్జర్ ఎంచుకోండి. దాన్ని మేత రేటులో కలిపేస్తే మార్జిన్ లెక్క చెడుతుంది.

తర్వాత రావలసింది బిల్-వైజ్ వివరాల పెట్టె. అందులో న్యూ రెఫ్ (కొత్త బాకీ), బిల్లు నంబరు, గడువు రోజులు. పట్టుబడి (రొయ్యలు పట్టే రోజు) దాకా అరువు కాబట్టి 120 అని పెట్టుకుంటే ఆ రోజు దాటాక అది ఓవర్‌డ్యూలో కనిపిస్తుంది. ఈ పెట్టె అసలు రాకుండా ముందుకు పోయిందంటే రెండిట్లో ఒకటి. పార్టీ లెడ్జర్‌లో మెయింటెయిన్ బ్యాలెన్సెస్ బిల్-బై-బిల్ దగ్గర నో ఉండి ఉంటుంది, లేదా ఈ బిల్లు స్క్రీన్ ఎఫ్12లో బిల్ ఎలొకేషన్స్‌కి డిఫాల్ట్ వాడు అన్న ఆప్షన్ ఎస్ ఉండి ఉంటుంది. రెండోది ఎస్ ఉంటే ట్యాలీ మిమ్మల్ని అడగకుండా తనే బిల్లు నంబరు రాసేసుకుంటుంది. గడువు రోజులు బిల్లుకొక రకంగా ఇచ్చే కొట్టులో దాన్ని నో చేసి ఉంచడం మంచిది.

కంట్రోల్+ఎ కొడితే సేవ్. ఇది వేగంగా ఉంటుంది కాబట్టి అలవాటైపోతుంది, ప్రమాదం కూడా అదే. కర్సర్ ఎక్కడున్నా మిగిలిన గడులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒప్పేసుకుని మూసేస్తుంది. గడువు, నరేషన్ (కింద రాసే వివరణ) చూడాల్సిన బిల్లుకి ఎంటర్ ఎంటర్ అంటూ చివరిదాకా పోవడమే మేలు.

మూడు నెలల తర్వాత ఆ రైతు 50,000 కట్టాడు. గేట్‌వేలో వి, ఎఫ్6, రిసీట్. పార్టీ పేరు, 50,000. బిల్-వైజ్ పెట్టెలో ఇక్కడ ఎగైనెస్ట్ రెఫ్ (పాత బిల్లుకి జమ) ఎంచుకోవాలి. అది ఎంచుకోగానే బాకీ ఉన్న బిల్లుల జాబితా వస్తుంది, 88,000 బిల్లు మీద నిలబడి ఎంటర్ కొడితే మిగిలింది 38,000 అని లెక్క తేలుతుంది. తొందరలో ఆన్ అకౌంట్ (ఏ బిల్లుకీ ముడిపెట్టని జమ) అని వదిలేస్తే లెడ్జర్ బ్యాలెన్స్ సరిగ్గానే 38,000 చూపిస్తుంది, కానీ బాకీల రిపోర్టులో 88,000 బిల్లు అలాగే ఉండి, 50,000 విడిగా వేలాడుతూ ఉంటుంది. ఆ రిపోర్టు ప్రింటు పట్టుకుని వసూలుకి పోతే ఊళ్ళో మాట పడాల్సి వస్తుంది. దిద్దాలంటే లెడ్జర్ అవుట్‌స్టాండింగ్స్‌లో ఆ ఆన్ అకౌంట్ లైను మీద ఎంటర్ కొట్టి, రిసీట్ తెరిచి, పార్టీ మొత్తం దగ్గర ఎంటర్ కొడితే బిల్-వైజ్ పెట్టె మళ్ళీ తెరుచుకుంటుంది. అక్కడ ఎగైనెస్ట్ రెఫ్‌కి మార్చి సేవ్ చేయండి.

డబ్బు ముందే ఇచ్చి సరుకు తర్వాత పట్టుకుపోయేవాళ్ళకి అడ్వాన్స్ ఎంచుకోవాలి. మిగతా ఓచర్లు చెప్పుకోవాల్సినంత కష్టం కాదు: చెల్లింపు ఎఫ్5, బ్యాంకులో డబ్బు వేయడం, తీయడం ఎఫ్4, జర్నల్ ఎఫ్7, కొనుగోలు ఎఫ్9. అమ్మిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్, ఆల్ట్+ఎఫ్6. కొన్న సరుకు వెనక్కి పంపితే డెబిట్ నోట్, ఆల్ట్+ఎఫ్5. పట్టీలో కనిపించనివి ఎఫ్10 కింద ఉంటాయి.

యూనిట్ల దగ్గర, బస్తాల దగ్గర

నెల్లూరు వడ్ల బేరం పుట్టిలో నడుస్తుంది, పుట్టి అంటే 850 కిలోలు. జీఎస్టీ వాళ్ళ యూనిట్ల పట్టికలో కేజీఎస్, క్యూటీఎల్, బీఏజీ ఉన్నాయి కానీ పుట్టి లేదు. కాబట్టి వడ్లకు అసలు యూనిట్ కిలో పెట్టి, పుట్టిని ఆల్టర్నేట్ యూనిట్‌గా ఇవ్వండి. స్టాక్ ఐటమ్ స్క్రీన్‌లో ఎఫ్12 కొట్టి ఆల్టర్నేట్ యూనిట్ల ఆప్షన్ తెరిస్తే, 1 పుట్టి = 850 కిలోలు అని రాసే చోటు వస్తుంది. కిలో యూనిట్ సృష్టించేటప్పుడు దశాంశ స్థానాలు 2 లేదా 3 పెట్టడం మరవొద్దు. సున్నా ఉంటే కాటా చీటీలో ఉన్న అర కిలోలు ఎక్కవు.

మిల్లు ఆడించిన లెక్క ఆల్ట్+ఎఫ్7 స్టాక్ జర్నల్‌లో పడుతుంది. ఎడమవైపు ఖర్చయిన వడ్లు, కుడివైపు వచ్చిన బియ్యం, నూకలు, తవుడు, ఊక. పది పుట్లు అంటే 8,500 కిలోలు. బియ్యం 67 శాతం అనుకుంటే 5,695 కిలోలు. ఎడమవైపు విలువ, ఆడించిన కూలి కలిపి కుడివైపు సరుకులకి పంచాలి. బియ్యానికే రేటు వేసి నూకలు, తవుడు సున్నా విలువతో వదిలేస్తే, అవి అమ్మినప్పుడు అమ్మకమంతా లాభంగా కనిపిస్తుంది.

బియ్యం సంచుల సంగతి ఇంకా సూక్ష్మం. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది. 26 కిలోల సంచికి లేదు. 26 కిలోల సంచులు బజారు నిండా కనిపించడానికి కారణం అదే. ట్యాలీలో పన్ను స్టాక్ ఐటమ్‌కి అతుక్కుని ఉంటుంది, సంచి బరువు దానికి తెలియదు. కాబట్టి ఒకే బియ్యమైనా 10 కిలోలది, 25 కిలోలది, 26 కిలోలది వేర్వేరు స్టాక్ ఐటమ్‌లు కావాలి. ఒకే ఐటమ్ పెట్టి బిల్లులో రేటు మార్చుకుంటూ పోతే, పన్ను పడాల్సిన చోట పడదు, పడకూడని చోట పడుతుంది.

జీఎస్టీ చూపించే చోట్లు

సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఇద్దరిదీ ఒకే రాష్ట్రమైతే) పడాలా, ఐజీఎస్టీ (వేరే రాష్ట్రమైతే) పడాలా అన్నది ట్యాలీ పార్టీ లెడ్జర్‌లోని రాష్ట్రాన్ని చూసి తేలుస్తుంది. నెల్లూరు కొట్లకి చెన్నై సరుకు ఎక్కువ. కొత్త చెన్నై పార్టీని పర్చేజ్ బిల్లు మధ్యలో ఆల్ట్+సి తో తొందరగా సృష్టిస్తే, రాష్ట్రం గడిలో మన కంపెనీ రాష్ట్రమే ముందుగా వచ్చి కూర్చుంటుంది. ఎంటర్ కొట్టేస్తే ఆ పార్టీ ఆంధ్రప్రదేశ్‌ది అయిపోతుంది, ఐజీఎస్టీ పడాల్సిన చోట సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి, జీఎస్టీఆర్-2బీతో (మనకి అమ్మినవాళ్ళ రిటర్నుల నుంచి వచ్చే కొనుగోళ్ళ పట్టిక) లెక్క కలవదు. జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చూస్తే చాలు: 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ, 33 తమిళనాడు.

దిద్దేటప్పుడు లెడ్జర్ ఒక్కటే మారిస్తే పాత బిల్లులు మారవు. బిల్లు కొట్టినప్పటి పార్టీ వివరాలు ఆ బిల్లులోనే నిలిచి ఉంటాయి. లెడ్జర్ మార్చాక ఒక్కో బిల్లు తెరిచి, పార్టీని మళ్ళీ ఎంచుకుని, పన్ను లెడ్జర్లు మార్చి సేవ్ చేయాలి.

రేటు మారినప్పుడు పాత రేటును చెరిపి కొత్తది రాయకండి. 2025 సెప్టెంబరు 22న గ్రానైట్ బ్లాకుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చీమకుర్తి క్వారీల లెక్కలు రాసేవాళ్ళు ఐటమ్‌లో కొత్త రేటు ఇచ్చేటప్పుడు అది వర్తించే తేదీని 22-9-2025 అని ఇవ్వాలి. అప్పుడు సెప్టెంబరు 20 బిల్లు మళ్ళీ తెరిచినా 12 శాతమే ఉంటుంది. తేదీ ఇవ్వకుండా మారిస్తే పాత బిల్లు తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ అందులో పన్ను తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

రిటర్ను వేసే ముందు ఆల్ట్+జి, జీఎస్టీఆర్-1. అక్కడ అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్ అన్న లైను ఎదురుగా సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే, దాని మీద ఎంటర్ కొట్టండి. ఏ కారణంతో ఆగాయో గుంపులుగా చూపిస్తుంది. ఎక్కువగా కనిపించేవి హెచ్ఎస్ఎన్ (సరుకు కోడ్) లేని ఐటమ్, పన్ను రకం ఇవ్వని ఐటమ్, తప్పు జీఎస్టీ నంబరు. రొయ్యల మేతకు పన్ను లేదు కదా అని జీఎస్టీ వివరాలు ఖాళీగా వదిలేస్తే అది పన్ను లేని సరుకు అవదు, తెలియని సరుకు అవుతుంది. హెచ్ఎస్ఎన్ 2309 ఇచ్చి, ట్యాక్సబిలిటీ దగ్గర ఎగ్జెంప్ట్ అని చెప్పాలి. నెలనెలా వేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11, పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీకి 20. ఈ తనిఖీ 5వ తేదీకే చేసుకుంటే ఆడిటర్ గారి దగ్గర వరసలో నిలబడే పని తప్పుతుంది.

తప్పు బిల్లు తీసేయాలంటే

ఆల్ట్+డి డిలీట్, ఆల్ట్+ఎక్స్ క్యాన్సిల్. అమ్మకం బిల్లుకి ఎప్పుడూ ఆల్ట్+ఎక్స్. నంబరు నిలిచి ఉంటుంది, విలువ సున్నా అవుతుంది, జీఎస్టీఆర్-1లో జారీ చేసిన పత్రాల పట్టికలో క్యాన్సిల్ అయినట్టు లెక్కకి వస్తుంది. ఆటోమేటిక్ నంబరింగ్‌లో మధ్య బిల్లు డిలీట్ చేస్తే, ఓచర్ టైప్ సెట్టింగ్ రీనంబర్ అని ఉన్నచోట దాని తర్వాతి బిల్లుల నంబర్లన్నీ ఒకటి జరిగిపోతాయి. రైతు చేతిలో ఉన్న కాగితం మీద 58, కంప్యూటర్‌లో 57. సేల్స్ ఓచర్ టైప్‌ను ఆల్టర్‌లో తెరిచి, రిటైన్ ఒరిజినల్ ఓచర్ నంబర్ అని ఉందో లేదో ఒకసారి చూసి పెట్టుకోండి.

బ్యాకప్

ఆల్ట్+వై, బ్యాకప్. కంపెనీ ఎంచుకుని, ఎక్కడ పెట్టాలో దారి ఇవ్వాలి. అదే కంప్యూటర్ డి డ్రైవ్‌లో పెడితే డిస్కు పోయినప్పుడు రెండూ పోతాయి. పెన్‌డ్రైవ్‌లో తేదీ పేరుతో కొత్త ఫోల్డరు చేసి అందులోకి తీయండి. రోజూ ఒకే ఫోల్డరులోకి తీస్తే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది, నిన్నటి మంచి కాపీ పోయి ఇవాళ్టి చెడ్డ కాపీ మిగులుతుంది.

రీస్టోర్ చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. బ్యాకప్‌ను ఇప్పుడు నడుస్తున్న డేటా ఫోల్డరులోకే దించితే, అదే కంపెనీ నంబరు ఉన్న నేటి లెక్కల మీద పాత లెక్కలు కూర్చుంటాయి. ట్యాలీ ఒకసారి అడుగుతుంది, చదవకుండా ఎస్ కొట్టేస్తే అంతే. వేరే ఖాళీ ఫోల్డరు చేసి అందులోకి దించి, ఆల్ట్+ఎఫ్3 దగ్గర ఆ ఫోల్డరు దారి ఇచ్చి తెరిచి, ఎడమవైపు చివరి ఎంట్రీ తేదీ చూడండి. కావలసిన తేదీ దాకా ఉందని తేలాకే మిగతా పని. కంపెనీకి ట్యాలీవాల్ట్ (డేటాకి తాళం వేసే సదుపాయం) పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, బ్యాకప్ తెరవడానికి కూడా అదే కావాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెప్పించుకునే మార్గం లేదు కాబట్టి, దాన్ని గుమస్తా తలలోనే ఉంచకుండా కాగితం మీద రాసి ఓనరు బీరువాలో పెట్టించండి.